విమానం బొమ్మ మీట ఎవరి మాట వినాలి?

కాశీనగర్ నుంచి వచ్చిన మాస్టారు ల్యాప్‌టాప్ మూత తెరిచి, పై వరుసలో విమానం బొమ్మ ఉన్న మీట మీద వేలు పెట్టారు. “చూడు బాబూ, ఇది నొక్కితే వైఫై పోతుంది. కన్ను మూసి తెరిచేలోగా దానంతట అదే వచ్చేస్తుంది. కావాలని ఆపితే ఆగదు. ఎప్పుడైనా ఖర్మకాలి ఆగిందా, ఇక రమ్మన్నా రాదు” అన్నారు. వారం కిందట ఆ యంత్రంలో లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇచ్చింది నేనే. కాబట్టి ఆయన చూపులో సగం ఫిర్యాదు ల్యాప్‌టాప్ మీద, సగం నా మీద.

“దీనికి ఇద్దరు యజమానులున్నారు మాస్టారూ. ఇద్దరూ ఈ మీట తమదే అనుకుంటున్నారు” అన్నాను. ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా కోశారు. పట్నం ఒరిస్సాకు పోయింది, చాలా ఊళ్లు మద్రాసు వైపు ఉండిపోయాయి. ఇవాళ్టికీ నా దుకాణం బోర్డు మీద ఒడియా, తెలుగు రెండూ ఉంటాయి. మా ఇంటి ముందుగదిలో ఫోను ఒడిశా టవరును పట్టుకుంటుంది, పెరట్లోకి వెళ్తే ఆంధ్రలోని పాతపట్నం వైపు టవరును పట్టుకుంటుంది. ఏ పని ఎవరి పరిధిలోది అన్న ప్రశ్న మాకు పుట్టుకతో వచ్చింది. మాస్టారి మీటలో ఉన్నదీ అచ్చంగా పరిధి తగాదాయే. అయితే ఈ తగాదాలో పక్షాలు రెండు కాదు, మూడు.

మొదటి పక్షం ఫర్మ్‌వేర్. అంటే ల్యాప్‌టాప్ తయారైనప్పుడే మదర్‌బోర్డులో కూర్చోబెట్టిన కార్యక్రమం (ప్రోగ్రామ్). దానికి తోడు ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. కీబోర్డు, ఫ్యాను, బ్యాటరీ దాని చేతిలో ఉంటాయి. రెండో పక్షం కెర్నెల్, అందులోని డ్రైవర్లు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేరుతో నేరుగా మాట్లాడే అధికారం ఉన్న భాగం కెర్నెలే. అందులో ఒక్కో పరికరాన్ని నడిపే ముక్కే డ్రైవర్. మూడో పక్షం యూజర్‌స్పేస్. కెర్నెల్‌కు బయట నడిచే సాఫ్ట్‌వేరు అంతా దీని కిందికి వస్తుంది: తెర మీద కనిపించే డెస్క్‌టాప్, వైఫై కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్, బ్రౌజరు, చివరికి పేకాట కూడా. మీట నొక్కినప్పుడు వైఫైని ఆపవలసింది ఈ ముగ్గురిలో ఎవరు? తేలిగ్గా కనిపించే ఈ ప్రశ్న మీద లినక్స్ లోకం చాలా ఏళ్లుగా తలపట్టుకుంది. విండోస్ లోకం కూడా పట్టుకుంది, కాకపోతే అది బయటికి చెప్పుకోలేదు.

మీటకూ వైఫైకీ మధ్య తీగ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు నిజంగానే ఉండేది. పాత ల్యాప్‌టాప్‌ల ముందు అంచునో పక్కనో జరిపే స్విచ్చు ఉండేది. దాన్ని జరిపితే వైఫై కార్డులోని ఒక పిన్నుకు సంకేతం వెళ్లేది. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో అది 20వ పిన్ను, దాని పేరు డబ్ల్యూ డిజేబుల్. ఆ పిన్ను మీద వోల్టేజి పడిపోతే కార్డులోని రేడియో, అంటే గాల్లో సంకేతాలు పంపి అందుకునే భాగం, ఆగిపోవాలన్నది నియమం. ఇప్పటి ఎం.2 కార్డుల్లోనూ ఇది పోలేదు, పిన్నులు మాత్రం 56, 54 అయ్యాయి. ఒకటి వైఫైకి, రెండోది బ్లూటూత్‌కి. స్విచ్చు చెడిపోయిన యంత్రాల్లో 20వ పిన్ను మీద సన్నటి టేపు ముక్క అంటించి వైఫైని బతికించే చిట్కా మరమ్మతు బల్లల దగ్గర ఇప్పటికీ చెల్లుబాటులో ఉంది. ఇక్కడ తగాదా లేదు. కెర్నెల్‌ను ఎవరూ అడగరు, సాఫ్ట్‌వేరు ఏమనుకుంటుందో ఎవరికీ పట్టదు. రేడియో ఆగిందంటే ఆగిందంతే. ఆ మధ్య కాలేజీ అమ్మాయి ఒకరు వైఫై పోయిందని ల్యాప్‌టాప్ తెచ్చి ఇస్తే, రెండు గంటలు సెట్టింగులన్నీ గాలించాను. చివరికి చూస్తే సంచిలో పుస్తకాల ఒరిపిడికి ఆ స్విచ్చు పక్కకు జరిగి ఉంది. ఆ రెండు గంటలకు డబ్బు అడగడానికి నోరు రాలేదు.

తర్వాత జరిపే స్విచ్చు ఖర్చు దండగ అనుకున్నారు తయారీదారులు. దాని బదులు ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కే బొమ్మ మీట వచ్చింది. ఎఫ్ఎన్ మీటను చాలా యంత్రాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ అసలు చూడనే చూడదు. దాన్ని ఎంబెడెడ్ కంట్రోలరే మింగేస్తుంది. మొదట్లో ఆ కంట్రోలరే రేడియోను కూడా తన చేత్తో ఆపేది, ఆపిన తర్వాత “ఆపేశాను” అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు పెట్టేది. కొన్ని యంత్రాల్లో ఆ కబురు కూడా పెట్టేది కాదు. మరికొన్నింటిలో తాను ఏమీ చేయకుండా, “మీట నొక్కారు, ఏం చేస్తావో నీ ఇష్టం” అని ఊరుకునేది. అప్పుడు తయారీదారు ఇచ్చిన విండోస్ కార్యక్రమం ఆ పని అందుకునేది. హెచ్‌పీ వైర్‌లెస్ అసిస్టెంట్, డెల్ క్విక్‌సెట్, ఏసర్ లాంచ్ మేనేజర్ పేర్లు అప్పట్లో ల్యాప్‌టాప్ వాడినవారికి గుర్తుండే ఉంటాయి. వాటిని అనవసరపు బరువని తీసేసినవారూ, కొత్తగా విండోస్ వేయించుకున్నవారూ మర్నాడు మీట పనిచేయడం లేదని దుకాణాలకు పరుగెత్తేవారు. ఎందుకంటే ఆ మీటకు ప్రాణం హార్డ్‌వేరులో లేదు, ఆ కార్యక్రమంలో ఉంది. మొత్తం పని యూజర్‌స్పేస్‌కు అప్పగిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2012లో విండోస్ 8 వచ్చాక దిశ మారింది. విమానం మోడ్ అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ సొంత వ్యవహారం అయింది. ఫర్మ్‌వేర్ చేయవలసిందల్లా మీట నొక్కారని చెప్పడం, దీపం వెలిగించమంటే వెలిగించడం. కీబోర్డులు, మౌసులు మాట్లాడే హిడ్ ప్రమాణంలో రేడియో మీటకు ఒకటి, దాని దీపానికి ఒకటి, జరిపే స్విచ్చుకు ఒకటి వేర్వేరు సంకేతాలు ఏర్పడ్డాయి. చూడడానికి చక్కగా ఉంది. చిక్కంతా పాతవీ కొత్తవీ కలిసి ఒకే కెర్నెల్ మీద నడవవలసి రావడంలో ఉంది.

పైగా ఫర్మ్‌వేర్ ఎదుటివాడిని చూసి ప్రవర్తన మార్చుకుంటుంది. యంత్రం ప్రాణం పోసుకునేటప్పుడు ఏసీపీఐ అనే ఏర్పాటు ద్వారా ఫర్మ్‌వేర్ అడుగుతుంది: నువ్వు విండోస్ 7వా? విండోస్ 8వా? లినక్స్ వీటన్నిటికీ అవుననే చెబుతుంది. నువ్వు లినక్స్‌వా అని అడిగితే మాత్రం కాదంటుంది! వినడానికి నవ్వు వస్తుంది కానీ దీని వెనక చేదు అనుభవం ఉంది. లినక్స్ అని తెలిస్తే ఫర్మ్‌వేర్ తీసుకునే దారిని తయారీదారులు పెద్దగా పరీక్షించరు. విండోస్ దారి మాత్రం కోట్ల యంత్రాల మీద నలిగి ఉంటుంది. అందుకని లినక్స్ విండోస్ వేషం కట్టింది. ఆ వేషానికి ఒక బాధ్యత కూడా ఉంది. విండోస్ 8 అని చెప్పుకున్నాక ఫర్మ్‌వేర్ “సరే, రేడియో సంగతి నువ్వే చూసుకో” అని తప్పుకుంటుంది. అప్పుడు విండోస్ చేసే పనిని లినక్స్ చేసి తీరాలి. పాత పద్ధతిలో రాసిన డ్రైవర్, ఫర్మ్‌వేరే చూసుకుంటుందిలే అని కూర్చుంటే మీట నొక్కినా ఎవరూ పలకరు.

ఇక మీట నొక్కిన కబురు కెర్నెల్‌కు చేరే దారులు నాలుగున్నాయి. మామూలు అక్షరంలా కీబోర్డు సంకేతంగా రావచ్చు. ఏసీపీఐ సూచనగా రావచ్చు. డబ్ల్యూఎంఐ అని, తయారీదారులు తమ సొంత సంగతులు దూర్చుకోవడానికి వాడే దారిలో రావచ్చు. లేదా కొత్త హిడ్ దారిలో. ఒకే కంపెనీ ఒక ఏడాది నమూనాలో ఒక దారి, మరుసటి ఏడాది మరో దారి పట్టడం మామూలే. అందుకే కెర్నెల్ మూలపాఠంలో (సోర్స్ కోడ్‌లో) ల్యాప్‌టాప్ డ్రైవర్లకు విడిగా ఒక పెద్ద అర ఉంది: థింక్‌ప్యాడ్ ఏసీపీఐ, డెల్ ల్యాప్‌టాప్, హెచ్‌పీ డబ్ల్యూఎంఐ, ఏసుస్ డబ్ల్యూఎంఐ, ఐడియాప్యాడ్ ల్యాప్‌టాప్, ఇంటెల్ హిడ్, ఇంకా చాలా. ఇందులో ఒక్కొక్కటీ ఒక్కో తయారీదారు అలవాట్ల చిట్టా.

డెల్ డ్రైవర్ చేసే పని చూస్తే ఈ వ్యవహారం ఎంత వంకరో తెలుస్తుంది. కొన్ని పాత డెల్ యంత్రాల్లో మీట నొక్కగానే ఫర్మ్‌వేరే రేడియోను మారుస్తుంది. మారిందని ఎవరికీ చెప్పదు. కానీ కీబోర్డు దారిలో ఒక సంకేతం పంపుతుంది. డ్రైవర్ ఆ దారి పక్కన చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఆ సంకేతం వినగానే వెంటనే ఏమీ చేయదు. పావు సెకను ఆగుతుంది, ఫర్మ్‌వేర్ తన పని ముగించుకోవాలి కదా. తర్వాత వెళ్లి “ఇప్పుడు రేడియో పరిస్థితి ఏమిటి?” అని అడిగి, ఆ జవాబును కెర్నెల్ లెక్కల్లో రాస్తుంది. అంటే ఇక్కడ మీట నొక్కడం ఆజ్ఞ కాదు, ఏదో జరిగిందన్న అలికిడి మాత్రమే. డ్రైవర్ ఆ అలికిడిని ఆజ్ఞ అనుకుని తానూ రేడియోను మారిస్తే, ఫర్మ్‌వేర్ ఆపినదాన్ని ఇది మళ్లీ పెడుతుంది.

ఆ కెర్నెల్ లెక్కల పుస్తకం పేరు ఆర్‌ఎఫ్‌కిల్. ఇప్పుడున్న రూపం 2009లో వచ్చిన 2.6.31 కెర్నెల్ నాటిది. యంత్రంలో ఉన్న ప్రతి రేడియోకూ అది రెండు విషయాలు రాసుకుంటుంది: సాఫ్ట్ బ్లాక్ ఉందా, హార్డ్ బ్లాక్ ఉందా. సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేరు వేసిన తాళం, సాఫ్ట్‌వేరే తీయగలదు. హార్డ్ బ్లాక్ అంటే హార్డ్‌వేరు వేసిన తాళం. దాన్ని చూసి రాసుకోవడమే తప్ప ఏ సాఫ్ట్‌వేరూ తీయలేదు. ముందు చెప్పిన జరిపే స్విచ్చు ఈ రెండో జాతి. హార్డ్‌వేరు తనంతట తాను కబురు పంపని చోట కెర్నెల్ ఐదు సెకన్లకొకసారి వెళ్లి తాళం చూసి వస్తుంది. మీ వైఫై లినక్స్‌లో రావడం లేదంటే, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో “ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్” (rfkill list) అని కొట్టి చూడమని అందరూ చెప్పేది ఇందుకే. సాఫ్ట్ దగ్గర అవునని ఉంటే అన్‌బ్లాక్ చేసుకోవచ్చు. హార్డ్ దగ్గర అవునని ఉంటే ముందు స్విచ్చును వెతకండి.

స్విచ్చే లేని యంత్రంలో హార్డ్ అవునని వస్తే? అదీ జరిగింది. లెనోవో ఐడియాప్యాడ్ ల్యాప్‌టాప్‌ల డ్రైవర్ ఫర్మ్‌వేరును “రేడియో స్విచ్చు పెట్టి ఉందా?” అని అడిగేది. యోగా వంటి కొన్ని నమూనాల్లో అసలు స్విచ్చే లేదు కాబట్టి ఫర్మ్‌వేర్ సున్నా చెప్పేది. డ్రైవర్ ఆ సున్నాను “స్విచ్చు ఆపి ఉంది” అని చదువుకుని వైఫైకి శాశ్వతంగా తాళం వేసేది. లేనిదానికీ ఆపినదానికీ తేడా తెలియని జవాబు అది. మొదట్లో స్విచ్చు లేని నమూనాల పేర్లు ఒక్కొక్కటే డ్రైవర్‌లోని జాబితాలో చేర్చుకుంటూ వెళ్లారు. కొత్త నమూనా వచ్చినప్పుడల్లా మరొకరి వైఫై పోవడం, మరో పేరు చేరడం. చివరికి ఆ జాబితాను తిరగేశారు: స్విచ్చు ఉందని రుజువైన యంత్రాలనే రాసుకుందాం, మిగతావాటికి లేదనుకుందాం. ఆ కొత్త జాబితా వేళ్ల మీద లెక్కపెట్టేంత చిన్నది. ఈ తిప్పలు యూజర్‌స్పేస్‌కు తెలియనవసరం లేదు. ఏ కంపెనీ యంత్రం ఎలా అబద్ధమాడుతుందో తెలుసుకుని నిజం తేల్చడం డ్రైవర్ పని. అందుకే మొత్తం యూజర్‌స్పేస్‌కు వదిలేద్దాం అనేవారి వాదన నాకు రుచించదు. జీనోమ్ డెస్క్‌టాప్ రాసేవారు ఈ జాబితా మోయాలా? కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ రాసేవారు మళ్లీ ఇంకొకటి మోయాలా?

అలాగని నిర్ణయం కూడా కెర్నెలే తీసుకోవాలంటే అదీ కుదరదు. ఇక్కడ స్విచ్చుకూ మీటకూ ఉన్న తేడా గుర్తు చేసుకోవాలి. జరిపే స్విచ్చుకు స్థానం ఉంటుంది. యంత్రం నిద్ర లేచాక కూడా వెళ్లి చూస్తే అటుందో ఇటుందో తెలుస్తుంది. మీటకు జ్ఞాపకం లేదు, నొక్కిన క్షణం తప్ప. “మార్చు” అంటుంది, దేన్నుంచి దేనికి మార్చాలో చెప్పదు. వైఫై ఆగి ఉంది, బ్లూటూత్ నడుస్తోంది. ఇప్పుడు విమానం మీట నొక్కితే ఏమవ్వాలి? రెండూ ఆగాలా, రెండూ నడవాలా, తారుమారు కావాలా? కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో ఒక్కో నొక్కుడుకు ఒక్కో కూర్పు వచ్చేది: రెండూ, వైఫై ఒక్కటే, బ్లూటూత్ ఒక్కటే, ఏదీ లేదు. దీనికి సరైన జవాబంటూ లేదు. వాడే మనిషి ఇష్టం మాత్రమే ఉంది. మనిషి ఇష్టం కెర్నెల్‌కు ఎలా తెలుస్తుంది? తెర మీద “విమానం మోడ్ పెట్టాను” అని చూపించడం దానికి రాదు. బ్లూటూత్ కీబోర్డు తప్ప మరో కీబోర్డు లేని బల్ల మీద బ్లూటూత్ ఆపేస్తే, మళ్లీ పెట్టమని చెప్పడానికి కూడా దారి ఉండదని దానికి తోచదు.

కెర్నెల్ ఇవ్వగలిగింది మీట పేర్లు మాత్రమే. వైఫై మీట సంఖ్య 238, బ్లూటూత్ మీట 237, అన్ని రేడియోలకూ కలిపి వాడే మీట 247. జరిపే స్విచ్చుకు వేరే సంకేతం. డ్రైవర్ చేయవలసిన మర్యాద ఏమిటంటే, యాంటెన్నా బొమ్మ ఉన్న మీటకు 238, విమానం బొమ్మకు 247 అని సరిగ్గా అనువదించి పైకి పంపడం. ఈ 247 వెనక చిన్న ముచ్చట ఉంది. లినక్స్ డెస్క్‌టాప్‌లు చాలాకాలం నడిచిన ఎక్స్ విండో వ్యవస్థలో మీటల సంఖ్య 255 దాటడానికి వీల్లేదు. పైగా కెర్నెల్ సంఖ్యకు అది 8 కలుపుకుంటుంది. 247కు 8 కలిపితే సరిగ్గా 255. అన్ని రేడియోల మీట గుమ్మం మూసేలోగా లోపలికి దూరిన చివరి అతిథి. దాని వెనకే వచ్చిన మైకు ఆపే మీటకు 248 ఇచ్చారు, అది బయటే ఉండిపోయింది. దాన్ని ఎఫ్20 అనే దొంగ పేరుతో లోపలికి తీసుకురావలసి వచ్చింది.

మరి కెర్నెల్ కబురు పంపాక యూజర్‌స్పేస్‌లో వినేవారు ఎవరూ లేకపోతే? ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ ఇంకా తెరుచుకోలేదు, లేదా చిక్కుకుపోయింది, లేదా అసలు వేసుకోలేదు. విమానంలోనో, రేడియోలు వద్దన్న ఆసుపత్రి గదిలోనో మీట నొక్కిన మనిషికి “డెస్క్‌టాప్ వచ్చేదాకా ఆగండి” అని చెప్పలేం. అందుకని కెర్నెల్‌లో చిన్న ప్రత్యామ్నాయం పెట్టారు. ఎవరూ పట్టించుకోకపోతే మీట కబురును కెర్నెలే విని సాఫ్ట్ బ్లాకు వేస్తుంది. దీన్ని యూజర్‌స్పేస్ వచ్చేదాకా ఉండే తాత్కాలిక ఏర్పాటుగా, తీసేయదగ్గదిగా కెర్నెల్ పత్రాల్లో రాశారు. ఏళ్లు గడిచాయి, ఇంకా ఉంది. తాత్కాలికమన్నవి కుదురుకున్నంతగా శాశ్వతమన్నవి కుదురుకోవని మా ఊరి సరిహద్దు కచేరీలు చూసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇద్దరూ ఒకేసారి పని చేయకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. ఆర్‌ఎఫ్‌కిల్‌కు ఒక పరికర ఫైలు ఉంది. డెస్క్‌టాప్ కార్యక్రమం దాన్ని తెరిచి, “ఇక మీటల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు కల్పించుకోవద్దు” అని ఒక ఆదేశం ఇస్తుంది. ఆ ఫైలు తెరిచి ఉన్నంతసేపు కెర్నెల్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ కార్యక్రమం మూసుకున్నా, కూలిపోయినా ఫైలు దానంతట అదే మూసుకుంటుంది, ఆ క్షణమే అధికారం మళ్లీ కెర్నెల్‌కు వస్తుంది. రాజీనామా లేఖ అక్కర్లేదు. కుర్చీలో మనిషి ఉన్నంతవరకే అధికారం. కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ అయినవారికి ఆ ఫైలు తెరిచే అనుమతిని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను మొదలుపెట్టి నడిపించే వ్యవస్థ) ఇస్తుంది కాబట్టి వైఫై ఆపడానికి ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టనవసరం లేదు. యంత్రం ఆపి మళ్లీ పెడితే నిన్నటి తాళాలు గుర్తుండేలా చూసేది కూడా సిస్టమ్‌డీలోని ఒక చిన్న సేవ.

అధికారం పంచుకున్నాక ఆ గుమ్మాన్ని తాకడం ఎంత ప్రమాదమో 2021లో తెలిసింది. ఆ ఫైలులోంచి వచ్చే ప్రతి కబురూ అప్పటిదాకా 8 బైట్లు. 5.11 కెర్నెల్‌లో హార్డ్ బ్లాకుకు కారణం కూడా చెబుదామని ఒక బైటు చేర్చారు. కారణం చెప్పాలనుకోవడం మంచిదే. ఇంటెల్ యంత్రాల్లో వైఫై కార్డు ఒక్కోసారి మేనేజ్‌మెంట్ ఇంజన్ (ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిలేకుండా విడిగా నడిచే చిన్న కంట్రోలర్) చేతిలో ఉంటుంది, అది స్విచ్చు వల్ల వచ్చిన తాళం కాదని తెలియాలి. కానీ 8 బైట్లే వస్తాయని నమ్మి రాసుకున్న కార్యక్రమాలు 9 వచ్చేసరికి తడబడ్డాయి. దాంతో అడిగినవారికే తొమ్మిదోది, లేకపోతే పాత ఎనిమిదే అని కెర్నెల్ వెనక్కి తగ్గింది. డ్రైవర్ లోపల ఎన్ని మార్పులైనా చేసుకోవచ్చు. కెర్నెల్‌కూ యూజర్‌స్పేస్‌కూ మధ్య కుదిరిన మాట మాత్రం ఒక్క బైటు కూడా అటూ ఇటూ కాకూడదు.

నెట్‌వర్క్‌మేనేజర్ ఈ కథలో ఇంకో పాత్ర. వైఫై కావాలా వద్దా అన్నదాని మీద దానికి సొంత అభిప్రాయం ఉంటుంది, అది గుర్తు కూడా పెట్టుకుంటుంది. ఆర్‌ఎఫ్‌కిల్‌లో తాళం తీసినా వైఫై రాకపోతే ఆ తలుపు కూడా తట్టి చూడాలి. ఇంతకు మించి దాని గురించి చెప్పుకోవలసింది లేదు.

మాస్టారి ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ఈవీటెస్ట్ అనే పనిముట్టు ఉంది. ఏ పరికరం నుంచి ఏ మీట కబురు వస్తోందో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. పరికరాలను ఒక్కొక్కటే ఎంచుకుని మీట నొక్కి చూశాను. మామూలు కీబోర్డు దగ్గర ఒక కబురు కనిపించింది. తయారీదారు డబ్ల్యూఎంఐ డ్రైవర్ పెట్టిన పరికరం దగ్గర, అదే నొక్కుడుకు ఇంకో కబురు. ఫర్మ్‌వేర్ రెండు దారుల్లోనూ ఉత్తరం వేస్తోంది, రెండు డ్రైవర్లూ నిజాయితీగా అందజేస్తున్నాయి. డెస్క్‌టాప్‌కు ఒకటి రాగానే వైఫై ఆపుతోంది, రెండోది రాగానే పెడుతోంది. ఎప్పుడైనా రెండూ మరీ దగ్గరగా వస్తే, మొదటి పని పూర్తికాక ముందే రెండోదానికి లెక్క తప్పుతోంది. ఖర్మకాలి ఆగడం అని ఆయన అన్నది ఇదే.

ఇలాంటప్పుడు డ్రైవర్ మొత్తాన్ని నిషేధిత జాబితాలో వేసేయమని సలహా ఇచ్చేవారుంటారు. చెవిపోటుకు చెవి కోసుకోవడం అది. ఆ డ్రైవరే తెర వెలుగు మీటలనూ బ్యాటరీ పరిమితినీ కూడా చూస్తుంది. నేను కీబోర్డు దారిలో వచ్చే కబురునే ఆపాను. లినక్స్‌లో పరికరాలను గుర్తించి సిద్ధం చేసే యూడెవ్ వ్యవస్థలో హార్డ్‌వేరు వివరాల చిట్టా ఒకటి ఉంటుంది. ఫలానా కంపెనీ ఫలానా నమూనా కీబోర్డులో ఫలానా సంకేతాన్ని ఫలానా మీటగా చదువుకో అని అందులో రాసుకోవచ్చు. ఆ సంకేతాన్ని పట్టించుకోవద్దని ఒక వరుస రాసి, చిట్టాను మళ్లీ కట్టించి, యూడెవ్‌ను తట్టిలేపాను. కెర్నెల్‌ను కొత్తగా కూర్చనక్కర్లేదు, డ్రైవర్‌లో చేయి పెట్టనక్కర్లేదు. కీబోర్డు సంకేతాల అనువాదం వరకూ యంత్రాల వింతలను ఇలా యూజర్‌స్పేస్ చిట్టాలో పెట్టడమే నయమని నా అభిప్రాయం. సంకేతం వెనక రేడియో నిజస్థితి దాగి ఉన్నప్పుడు మాత్రం అది డ్రైవర్ ఇల్లు. ఈ గీత ఎక్కడ గీయాలన్నదాని మీద వాదన ఇంకా తెగలేదు, తెగుతుందని నేను అనుకోవడం లేదు కూడా. కొత్త నమూనా ల్యాప్‌టాప్ వచ్చిన ప్రతిసారీ గీత కాస్త జరుగుతుంది.

ల్యాప్‌టాప్ మాస్టారి ముందుకు తోశాను. ఒకసారి నొక్కారు, తెర మూలన విమానం బొమ్మ వచ్చింది, దీపం రంగు మారింది. మళ్లీ నొక్కారు, బొమ్మ పోయింది. నాలుగుసార్లు అలా చేసి, యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టారు. గ్రాఫిక్సు ఏవీ రాకముందు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు దొర్లుతుండగానే ఇంకోసారి నొక్కారు. పాఠం చెప్పేవారు కదా, పరీక్ష పెట్టకుండా ఉండలేరు. లాగిన్ తెర వచ్చేసరికి మూలన విమానం బొమ్మ సిద్ధంగా ఉంది. “ఇది ఎవరు ఆపినట్టు?” అని అడిగారు.

“కెర్నెల్, మాస్టారూ. ఇంకెవరూ లేరు కదా అప్పటికి.”

సరేనన్నట్టు తలూపి, మీట ఇంకోసారి నొక్కి, వైఫై వచ్చాకే మూత వేశారు.